మూడవ సాక్షి పేరు తిరిగి చేర్చుట గురించి

తిరుపతి,
మే 22.

వివాహ అధికారి గారి సముఖమునకు,
రిటైర్డు తపాలా గుమాస్తా సుదర్శనం నమస్కరించి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా ప్రమేయం లేకుండా నా పేరిట నిశ్చయమైన నాలుగు వివాహములను రద్దు చేసి, నా కుమార్తె వివాహమునకు మూడవ సాక్షిగా నా పేరును తిరిగి చేర్చుట గురించి.

సూచిక: (1) తమ కార్యాలయపు యంత్రం నాకు పంపిన సందేశములు, మొత్తం పదకొండు. (2) నా కుమార్తె నాతో మాట్లాడకుండుట, ఈ నెల 7వ తేదీ నుండి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఒక కళాశాల కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరములు తపాలా విభాగంలో పనిచేసినవాడను. వయస్సు అరవై మూడు. ఇతరుల అర్జీలకు నంబర్లు వేసి వేసి నా కుడిచేతి బొటనవేలు వంకర పోయింది కాని, నా కోసం నేను అర్జీ రాసుకొనుట ఇదే ప్రథమం. కావున ఎక్కడైనా మాట తూలినచో క్షమించగలరు. మార్జిను మాత్రం సరిగ్గానే వదిలాను.

2. మా ఏకైక కుమార్తె వకుళ, రేణిగుంటలో ఒక గోదాములో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్న లోకేష్ అను యువకుని వివాహమాడదలచినది. మేము వైష్ణవులము, వారు క్రైస్తవులు. ఈ సంగతి ఆమె రెండేళ్ల క్రితం నాతో చెప్పినప్పుడు నేను 'పరిశీలిస్తాను' అన్నాను. కుదరదని చెప్పడానికి నోరు రానప్పుడల్లా ఆఫీసులో నేను వాడిన మాట అది. ఇంట్లో కూడా బాగానే పనిచేసింది. రెండేళ్లు పనిచేసింది. అటు తరువాత వాళ్లిద్దరూ తమ కార్యాలయానికి వచ్చి మార్చి 10న నోటీసు ఇచ్చుకున్నారు. మూడు నెలల్లోగా, అనగా జూన్ 10 లోగా, ముగ్గురు సాక్షులతో వచ్చి సంతకాలు చేయనిచో ఆ నోటీసు చెల్లకుండా పోవునని తమకు తెలియనిది కాదు.

3. సాక్షులుగా మొదట నా భార్య కుముదవల్లిని, రెండవది లోకేష్ తల్లి, ఆసుపత్రి నర్సు అయిన కృపామణి గారిని, మూడవది నన్ను అనుకున్నారు. వకుళ నా కుర్చీ దగ్గర నేలమీద కూర్చుని అడిగింది.

"నాయనా, మూడో సంతకం నువ్వే పెట్టాల. నువ్వు పెడితేనే నాకు పెండ్లయినట్టు ఉంటుంది."

నేను పరిశీలిస్తానన్నాను. ఆమె దాన్ని సరేనని అర్థం చేసుకుంది. పిల్లకు నా ఆఫీసు భాష తెలియదు.

4. ఇక అసలు విషయమునకు వస్తున్నాను. అందరికీ కుదిరే సమయం తెలుసుకొనుటకు లోకేష్ ఫోనులో ఒక ఆన్‌లైను పట్టిక తయారుచేసి తలా ఒక లింకు పంపాడు. మే 11 నుండి జూన్ 9 వరకు ఇరవై రెండు పనిదినములు, తమరు రోజుకు ఇచ్చునవి రెండు స్లాట్లు, వెరసి మనిషికి నలభై నాలుగు గళ్లు. అతను మా ఇంటికి వచ్చి పక్కన కూర్చుని ఓపికగా నేర్పాడు.

"ఒకసారి తాకితే పచ్చ సార్, కుదురుతుందని. రెండోసారి తాకితే పసుపు, అవసరమైతే కుదురుతుందని. మూడోసారి తాకితే ఎరుపు, కుదరదని. మీకు కనపడేదానికి అక్షరాలు పెద్దవి చేసినాను."

అక్షరాలు నిజంగానే పెద్దవిగా ఉన్నాయి. నాకు కొడుకు లేని లోటు ఆ క్షణంలో కొంచెం తెలిసిందని ఇక్కడ రాయవచ్చునో లేదో తెలియదు, రాశాను.

5. నలభై నాలుగు గళ్లనూ నేను ఎర్రగా నింపాను. ప్రతిదానికీ కారణం కూడా కింద ఇచ్చిన చోట రాశాను. మంగళవారం శుభకార్యానికి పనికిరాదు. గురువారం దక్షిణానికి శూల, తమ కార్యాలయం మా ఇంటికి దక్షిణం. శుక్రవారం పడమటికి శూల; తమ కార్యాలయం పడమట లేకపోయినా ఆటో పడమటి వీధిలో మలుపు తిరిగి గాని పోదు. సోమవారం ఉదయం బయలుదేరు వేళకు రాహుకాలం, మధ్యాహ్నం ఎండ. ఇట్లా ముప్పై ఒక్క గళ్ల దాకా పంచాంగం నన్ను ఆదుకుంది. తరువాత 'నీళ్ల ట్యాంకు కడుగువారు రావచ్చు' అని మూడు గళ్లకు, 'గ్యాసు సిలిండరు' అని నాలుగు గళ్లకు, మిగిలిన ఆరింటికి 'ఆ రోజు ఏదో ఒకటి ఉండవచ్చు' అని రాశాను.

6. ఇందువల్ల సదరు పట్టికకు తిక్క పుట్టినట్లున్నది. అది ఎవరి అనుమతీ లేకుండా ఐదుగురి ఫోన్లకూ ఒకేసారి ఈ దిగువ సందేశం పంపింది: 'సుదర్శనం తప్ప మిగిలిన అందరికీ 19 సమయాలు కుదురుతున్నాయి. సుదర్శనమును తీసివేసి చూడాలా? అవును. కాదు.'

నా ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నన్నెవరూ అట్లా తీసివేసి చూడలేదు.

7. సాంకేతిక కారణముల వల్ల 7వ తేదీన నా పేరు పట్టికలోంచి తొలగిపోయింది. తొలగిన మరుక్షణం ఆ పంతొమ్మిదింటిలోంచి వాళ్లు ఎంచుకున్న మే 28, గురువారం, మధ్యాహ్నం 1.45 గంటల గడి ఆపాదమస్తకం పచ్చగా మారింది. ఆ వేళ రాహుకాలం.

8. నా స్థానంలో మూడవ సాక్షిగా వకుళను రోజూ పనికి తీసుకుపోవు ఆటో డ్రైవరు చెంగయ్యను చేర్చారు. ఒక స్లాటుకు ఐదుగురికి మించి లోనికి రానివ్వరని తమ కార్యాలయపు నిబంధన. వధూవరులిద్దరు, సాక్షులు ముగ్గురు. లెక్క సరిపోయింది, నేను మిగిలిపోయాను. చెంగయ్యను వీధిలో నిలదీశాను.

"నేనేం జేసేది సామీ? అమ్మణ్ణి వచ్చి, చెంగన్నా ఆధార్ కార్డు ఎత్తుకోని రా, సంతకం పెట్టల్ల అనింది. కాదంటానా? కొత్త సొక్కా గూడా తీసుకున్న్యా. సూడు, బాగుండాదా?"

చొక్కా బాగానే ఉన్నది. నీలం రంగు, సన్నని గీతలు.

9. నా పేరును తిరిగి చేర్పించుటకై 8వ తేదీన తమ కార్యాలయం నంబరుకు ఫోను చేశాను. ఒక స్త్రీ గొంతు చక్కని తెలుగులో మాట్లాడింది. అది యంత్రమని నాకు అప్పుడు తెలియదు. ఏ పని నిమిత్తమని అడిగింది. "వివాహం పనే తల్లీ" అన్నాను. పేరడిగింది, చెప్పాను. వయస్సడిగింది, దాచకుండా చెప్పాను. నా బాధ మొత్తం చెప్పుకున్నాను. అన్నింటికీ 'అర్థమైంది' అన్నది. ఈ మధ్య కాలంలో నాతో ఎవరూ అంత ఓపికగా ఆ మాట అనలేదు. చివరికి ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగితే, "ఏమీ లేదమ్మా, వస్తాను" అన్నాను.

అయ్యా, తమరూ తెలుగువారే. సెలవు తీసుకునేటప్పుడు మనం వస్తాననే అంటాము. పోతానని ఎవరమూ అనము. యంత్రం మాత్రం, 'మీరు వస్తానని ధ్రువీకరించారు, ధన్యవాదాలు' అని పెట్టేసింది. ఐదు నిమిషాలకు సందేశం వచ్చింది: 'శ్రీ సుదర్శనం (63) గారి వివాహమునకు మే 13, బుధవారం ఉదయం 11.15 గంటలు కేటాయించడమైనది. వధువు వివరములు 48 గంటలలో నింపగలరు. శుభాకాంక్షలు.'

10. మొదటి సాక్షిగా ఆమె నంబరు తమ వద్ద ఉన్నందున కాబోలు, సదరు సందేశం నా భార్య ఫోనుకు కూడా పోయింది. ఆమె వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏం పోయేకాలమండీ మీకు, ఈ వయసులో? కూతురి పెండ్లికి నలభై నాలుగు అడ్డాలు చెప్పినారు. మీ పెండ్లికి మాత్రం బుధవారం పదకొండుంబావు బాగుండాదా?"

11. రద్దు చేయించుటకు 9వ తేదీన మళ్లీ చేశాను. యంత్రం, 'మీ వివాహం రద్దు కావాలంటే రాను అని స్పష్టంగా చెప్పండి' అన్నది. ఇక్కడ తమరు నన్ను అర్థం చేసుకోవాలి. పెండ్లి మాట ఎత్తి, పక్క గదిలో కూతురు ఉండగా, రాను అని గట్టిగా నోటితో అనాలంటే నాకు నాలుక తిరగలేదు. వేలితో నలభై నాలుగు సార్లు అన్నాను కదా అని తమరు అడగవచ్చు. వేలికి చప్పుడు లేదు. యంత్రం మూడుసార్లు అడిగింది. నేను మూడుసార్లు దగ్గాను. చివరికి విసుగు పుట్టి, "సరేనమ్మా, నీకూ శ్రమ, వస్తాను" అన్నాను. మే 15, శుక్రవారం, నా రెండవ వివాహం.

12. మూడవసారి 11వ తేదీన, ఆ మాట ఎట్టి పరిస్థితుల్లోనూ అనకూడదని కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకుని చేశాను. జాగ్రత్తగానే మాట్లాడాను. ముగించేటప్పుడు, "పోయొస్తానమ్మా" అన్నాను. 'మీరు పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి, మొత్తం రెండు సమయములు కేటాయించడమైనది' అని జవాబు. మే 18, మే 19.

13. ఈ విధంగా నాలుగు రోజుల్లో నాకు నాలుగు పెండ్లిళ్లు కుదిరాయి. నా మొదటి పెండ్లికి మా నాయన మూడేళ్లు తిరిగాడు.

14. నా భార్య జాలిపడి, వధువు వివరముల చోట తన పేరే నింపింది. "ముప్పై నాలుగేండ్లాయె, మనకు గూడా సర్టిఫికెట్టు లేదు గదా, ఒక పని అయిపోతాది" అన్నది. యంత్రం ఒప్పుకోలేదు. 'ఈమె వేరొక వివాహంలో మొదటి సాక్షి. పరిశీలనలో ఉన్నది' అని తిప్పి పంపింది. ఆ 'పరిశీలనలో ఉన్నది' అన్న మాట నాకు వేరేవాళ్లు చెప్పగా వినడం మొదటిసారి. ఎంత చల్లగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

15. నాలుగు తేదీలూ గడిచిపోయాయి. ప్రతిసారీ 'వరుడు హాజరు కాలేదు' అని సందేశం వచ్చింది. చివరిదానిలో మాత్రం, 'పెండింగులో వివాహములు గల వ్యక్తి ఇతరుల వివాహమునకు సాక్షిగా అనర్హుడు' అని ఉన్నది. అనగా ఇప్పుడు వకుళ దయతలచి నన్ను చేర్చుకున్నా యంత్రం చేర్చుకోదు.

16. నిన్న స్వయంగా తమ కార్యాలయానికి వచ్చాను. గుమ్మం దగ్గర అటెండరు స్లాటు ఉన్నదా అని అడిగాడు. స్లాటు గురించే మాట్లాడాలన్నాను. దానికి స్లాటు తీసుకోవాలన్నాడు. అతని తప్పు లేదు. మా కళాశాలలో నేనూ అట్లాంటి మాటలు నిక్షేపంగా అనేవాడిని. లోపల ఒక కొత్త జంట సంతకాలు చేస్తున్నది. పిల్ల తండ్రి అనుకుంటాను, పెద్దాయన, పెన్ను చేతిలో పట్టుకుని ఎక్కడ ఎక్కడ అని అడుగుతున్నాడు. పిల్ల వేలు పెట్టి చూపించింది. నేను అద్దంలోంచి చూస్తూ అక్కడే నిలబడిపోయాను. అటెండరు కుర్చీ వేశాడు.

కావున తమరు దయతో ఈ దిగువ కోర్కెలను మన్నించవలెనని ప్రార్థన:

(అ) నా నాలుగు వివాహములను వెంటనే రద్దు చేయవలెను. ఏ వధువుకూ ఇందువల్ల నష్టం లేదు.

(ఆ) 'వరుడు హాజరు కాలేదు' అన్న మచ్చను నా పేరు మీదనుండి తొలగించవలెను.

(ఇ) మే 28 గురువారం మధ్యాహ్నం 1.45 గంటల స్లాటులో మూడవ సాక్షిగా నన్ను చేర్చవలెను. రాహుకాలమని తమరు సమయం మార్చవలదు. శూల అయినా సరే, ఎండ అయినా సరే. నేను నడిచి వస్తాను. ఈ 'వస్తాను' నిజమైన వస్తాను అని తమరు గ్రహించగలరు.

(ఈ) చెంగయ్య కొత్త చొక్కా వృథా పోకుండా అతన్ని కూడా లోనికి రానిచ్చు మార్గమేదైనా ఉంటే ఆలోచించగలరు. లేనిచో సాక్షి అతనే ఉండనీయండి. నేను గుమ్మం దగ్గర నిలబడతాను. చట్టం తెప్పించి చదివాను. ముగ్గురు సాక్షులు ఉండవలెనని ఉన్నది గాని, నాలుగవవాడు గుమ్మంలో నిలబడి చూడరాదని ఎక్కడా లేదు.

గడువునకు ఇంకా పంతొమ్మిది రోజులున్నవి. పెండ్లికి ఆరే ఉన్నవి. ఈ ఆరు రోజుల్లోగా తమరు తీరిక చేసుకుని ఈ కాగితమును చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ఏ విధంగానూ వరుడు కాడు,
సుదర్శనం

తా.క.: అయ్యా, పైన రాసినదంతా మడిచి కవరులో పెట్టబోతుంటే కుముదవల్లి తీసుకుని చదివింది. చదివి, కవరు నా చేతికియ్యకుండా పక్కన పెట్టింది.

"ఇన్ని రాసినారు, ఒక్కటి రాయలేదే? ఆ పేరు తీసింది యంత్రమా? సాంకేతిక కారణాలా?"

కాబట్టి రాస్తున్నాను. ఏడవ అంశం అబద్ధం. పేరు తీసింది వకుళ. ఆ సందేశం వచ్చిన తరువాత ఆమె రెండు రోజులు 'అవును' నొక్కకుండా ఆగింది. రెండో రోజు సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నాయనా, ఒక్క గడి పచ్చది చెయ్యి. నీ ఇష్టం, ఏదైనా ఒకటి. పసుపైనా సరే" అన్నది. అవసరమైతే కుదురుతుందని చెప్పినా చాలన్నమాట. నేను పేపరు మడుస్తూ, పరిశీలిస్తానన్నాను. ఆమె నా ఎదురుగానే నిలబడి నొక్కింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఐదవ అంశం కూడా అబద్ధమే. గళ్లన్నీ ఎర్రగా నింపిన తరువాత గాని నేను పంచాంగం తెరవలేదు. అన్నీ ఎర్రగా ఉంటే నోటీసు దానంతటదే చెల్లకుండా పోతుంది, నేను వద్దన్నట్టూ ఉండదు, మా వాళ్లకు జవాబు చెప్పుకునే పనీ ఉండదు అనుకున్నాను. ఇంత నీచమైన పని నేను ముప్పై ఒక్క ఏళ్లలో ఏ ఫైలుకూ చేయలేదు, కన్నకూతురికి చేశాను. లోకేష్ పట్టిక పాపం ఉన్నమాటే అందరికీ చెప్పింది. దాని మీద చేసిన ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నాను. పెండ్లిళ్ల ఫిర్యాదు మాత్రం అట్లాగే ఉండనీయండి.

కుముదవల్లి ఇంకొక మాట కూడా అన్నది. "బిడ్డ పక్క గదిలో ఉండాది. ఆ ఆఫీసరు యాడో ఉండాడు. ముందు ఎవరిని అడగాల మీరు?" సరైన మార్గంలో పంపని అర్జీలను నేను ఎన్నో తిప్పి పంపాను. ఇది కూడా అటువంటిదే అని నాకిప్పుడు తోచింది. అయినా నాకు రాయడం వచ్చినట్టు అడగడం రాదు. అందువల్ల తమకు రాసిన ఈ కాగితానికే రెండవ ప్రతి తీశాను.

ప్రతులు:

1. వివాహ అధికారి గారికి, రిజిస్టరు పోస్టులో.

2. కుమారి ఎస్. వకుళ, మా ఇంటి రెండవ గది, తగు చర్య నిమిత్తం. ఈ ప్రతిని నేనే తీసుకుపోయి చేతికిస్తున్నాను. ఎప్పుడు కుదురుతుందని ముందుగా అడగలేదు. తలుపు తీసే ఉన్నది.